ముప్పై వేల స్పీకరు ఎన్నేళ్లు పాడుతుంది?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు వైర్‌లెస్ స్పీకర్ల మీదే. పండగ ఆఫర్లు మొదలయ్యాయి కాబట్టి కావచ్చు, సెలవులకి వచ్చిన ఎన్నారై బంధువులు సూట్‌కేసుల్లో తెచ్చిపెట్టి వెళ్లారు కాబట్టీ కావచ్చు. ఒకే ప్రశ్న నలుగురు అడిగిన చోట ఒకటే వేశాం.

ప్రశ్న: సార్, కొత్తింట్లోకి మారాం. హాల్లోకి మంచి వైఫై స్పీకరు తీసుకుందామని షోరూముకి వెళితే ఒక్కోటి ముప్పై వేలు చెప్పారు, జత కావాలంటే అరవై. పక్క ర్యాకులో అయిదు వేల అమెజాన్ ఎకో డాట్ కూడా పాట పాడుతోంది, వాన పడుతుందో లేదో చెబుతోంది. ఆరు రెట్లు ఎందుకు పెట్టాలి? పైగా సేల్స్ అబ్బాయి "పదిహేనేళ్లు తిరుగుండదు సార్" అంటున్నాడు. నమ్మొచ్చా?
– పాఠకుడు, నిజాంపేట, హైదరాబాద్

జవాబు: ఆ అబ్బాయి అబద్ధమేమీ చెప్పలేదండీ, సగం నిజం చెప్పాడు. మీరు కొనే ఆ డబ్బాలో రెండు వస్తువులున్నాయి, రెండింటి ఆయుష్షూ వేరు. ఒకటి అసలు స్పీకరు, అంటే కోను, అయస్కాంతం, యాంప్లిఫయరు, వాటిని మూసిన పెట్టె. కోను చుట్టూ ఉండే అంచు రబ్బరుదై, ఇంట్లో కరెంటు సరిగా ఉంటే పదిహేనేళ్లేం ఖర్మ, ఇరవై ఏళ్లు కూడా పాడుతుంది. నాన్నగారు కొన్న స్టీరియో ఇప్పటికీ మోగుతున్న ఇళ్లు ఎన్ని లేవు! రెండోది అందులో దూర్చిన చిన్న కంప్యూటరు. ఒక ప్రాసెసర్, కాస్త మెమరీ, వైఫై చిప్పు, మీ ఫోన్లో దాని యాప్, ఎక్కడో కంపెనీవాళ్ల సర్వరు, ఇవన్నీ కలిపి ఒకటి. దీనికి అయిదు నుంచి ఎనిమిదేళ్లు వేసుకోండి, అంతకు మించి వస్తే లాభమే అనుకోండి. సేల్స్ అబ్బాయి మొదటిదాని వయసు చెప్పాడు, రెండోదాని ఊసెత్తలేదు.

ఇక ధర సంగతి. డాట్‌తో పోల్చి చూడకండి, ఎందుకంటే అయిదు వేలన్నది దాని అసలు ధర కాదు. తర్వాత షాపింగులోనో సబ్‌స్క్రిప్షన్లలోనో రాబట్టుకుందామని ఆ స్పీకర్లని ఖర్చుకే, కొన్నిసార్లు అంతకంటే తక్కువకే అమ్మారు. అమెజాన్ పరికరాల విభాగం 2017 నుంచి 2021 మధ్యలో 2,500 కోట్ల డాలర్లకు పైగా నష్టపోయిందని వాల్ స్ట్రీట్ జర్నల్ 2024లో రాసింది. అంత నష్టం భరించే దుకాణం వెనకాల ఉన్నవాళ్లకే అది చెల్లుతుంది. సోనోస్ లాంటి కంపెనీకి స్పీకర్లు అమ్ముకోవడమే బతుకు కాబట్టి డ్రైవర్లు (అంటే లోపల ధ్వని పుట్టించే కోను, అయస్కాంతం), గది గోడల్ని బట్టి ధ్వనిని సరిచేసే మైకులు, యాప్ రాసే ఇంజినీర్ల జీతాలు అన్నీ ఆ ముప్పై వేలలోంచే రావాలి. చిక్కెక్కడంటే, మీరు డబ్బిచ్చేది ఒక్కసారే, వాళ్లకి ఖర్చు మాత్రం ఏటేటా ఉంటుంది. లెక్క కుదరని రోజు మొదట వేటు పడేది పాత మోడళ్ల మీదే.

ఇది నేను ఊహించి చెబుతున్నది కాదు. 2020 జనవరిలో సోనోస్ తన పాత ప్లేయర్లకి (2009లో వచ్చిన మొదటి తరం ప్లే:5 కూడా అందులో ఉంది) ఆ ఏడాది మే నుంచి కొత్త సాఫ్ట్‌వేర్ ఇవ్వబోనని చెప్పింది. కొన్నవాళ్లు మండిపడ్డారు, అప్పటి సీఈఓ పాట్రిక్ స్పెన్స్ క్షమాపణ చెప్పాడు, చివరికి పాతవాటికి ఎస్1 అనీ కొత్తవాటికి ఎస్2 అనీ యాప్‌ని రెండుగా చీల్చారు. తమాషా ఆ తర్వాత జరిగింది. 2024 మే 7న ఎస్2 వాళ్లకి సరికొత్త యాప్ ఇచ్చారు, చూస్తే స్లీప్ టైమర్ లేదు, అలారం మార్చుకునే వీల్లేదు, ఇంట్లో దాచుకున్న పాటల లైబ్రరీ సరిగ్గా పలకదు, పాత యాప్‌కి వెనక్కి పోదామంటే దారి లేదు. మళ్లీ క్షమాపణలు, సుమారు వంద మంది ఉద్యోగాలు ఊడాయి, 2025 జనవరిలో స్పెన్స్ కూడా దిగిపోయాడు. "పాతబడ్డాయి పొమ్మన్న" స్పీకర్లతో ఎస్1లో మిగిలిపోయినవాళ్లు మాత్రం ఈ గోలేమీ పట్టకుండా హాయిగా పాటలు వింటూ కూర్చున్నారు.

కాబట్టి మీ ముప్పై వేలని పదిహేనుతో కాకుండా ఆరుతో భాగించండి. ఏడాదికి అయిదు వేలు, నెలకి నాలుగొందల పైచిలుకు, పాటల సబ్‌స్క్రిప్షన్ దానికి అదనం. పొద్దున్నా సాయంత్రం పాటలు మోగే ఇల్లయితే అది దండగ ఖర్చేమీ కాదు. చుట్టాలొచ్చినప్పుడు చూపించుకోడానికే అయితే ఆ డబ్బుతో సోఫా కొనుక్కోండి.

కొనే ముందు ఇంకో పని చేయండి, స్పీకరుని వెనక్కి తిప్పి చూడండి. కంపెనీ చేతులెత్తేసిన రోజున పాట లోపలికి పోవడానికి ఇంకో దారి ఉందా అన్నదే చూడాల్సింది. వైరు పెట్టే ఆక్స్ ఉంటే అన్నిటికన్నా మేలు, లేకపోతే కనీసం బ్లూటూత్ ఉండాలి. 2017లో వచ్చిన సోనోస్ వన్‌కి ఈ రెండూ లేవు. 2023 నాటి ఎరా 100కి బ్లూటూత్ పెట్టారు, వైరుకి మాత్రం అడాప్టరు విడిగా కొనుక్కోవాలి. యాపిల్ హోమ్‌పాడ్ రెండో తరం మన దేశంలో 32,900 రూపాయలకి దిగింది, ధ్వని బాగుంటుంది, కాదనను, కానీ దానికి ఆక్స్ లేదు, ఫోన్ నుంచి బ్లూటూత్‌లో పాట పంపలేం, మొదట సెట్ చేయడానికే ఐఫోనో ఐప్యాడో కావాలి. ఇంట్లో అందరివీ ఆండ్రాయిడ్ ఫోన్లయితే దాని జోలికే పోవద్దు.

నన్నడిగితే, అరవై వేలు పెట్టగలిగినవాళ్లు స్మార్ట్ స్పీకర్ల జత బదులు మామూలు బుక్‌షెల్ఫ్ స్పీకర్లు, ఒక యాంప్లిఫయరు, దానికి వైమ్ లాంటి చిన్న స్ట్రీమర్ డబ్బా తగిలించుకోవడం మంచిది. ఏడేళ్ల తర్వాత ఆ చిన్న డబ్బా ముసలిదైతే అదొక్కటే మారుస్తారు, స్పీకర్ల జోలికి పోనక్కర్లేదు. హాల్లో వైర్లు కనిపిస్తాయని ఇంట్లో ఒప్పుకోకపోతే అది వేరే సమస్య, దానికి నా దగ్గర జవాబు లేదు.

ప్రశ్న: మా బావగారు అమెరికా నుంచి వస్తూ ఒక ఖరీదైన స్పీకరు తెచ్చిపెట్టారు. ఎనిమిది నెలలకే సౌండు పోయింది, లైటు మాత్రం వెలుగుతోంది. ఇక్కడి సర్వీస్ సెంటర్‌కి తీసుకెళితే సీరియల్ నంబరు చూసి "ఇది ఇండియా పీసు కాదు మేడమ్" అని మొహం మీదే చెప్పేశారు. అక్కడి కరెంటు 120 వోల్టులట కదా, అందుకే పోయిందా?
– పాఠకురాలు, విజయవాడ

జవాబు: వోల్టేజీ వల్ల అయ్యుండదండీ, ఎనిమిది నెలలు పనిచేసింది కదా. కేవలం 120 వోల్టుల పీసుని మన 230లో పెడితే మొదటి రోజే కాలిన వాసన వచ్చేది. అయినా ఒకసారి స్పీకరు అడుగున చిన్న అక్షరాలు చదవండి, 100–240 అని ఉంటే బెంగ లేదు.

వారంటీ విషయంలో సర్వీస్ సెంటర్ వాళ్లతో వాదించి లాభం లేదు, స్పీకర్లకి చాలా కంపెనీలు ఏ దేశంలో అమ్మితే ఆ దేశంలోనే వారంటీ ఇస్తాయి. ఏడాది వారంటీలో మీకింకా నాలుగు నెలలుంది, దాన్ని పోగొట్టుకోకండి. బావగారి చేత అమెరికా సపోర్టుకి ఇప్పుడే ఫిర్యాదు పెట్టించండి, బిల్లు ఆయన మెయిల్లోనే ఉంటుంది, ఫిర్యాదు నంబరు తీసుకోమనండి. పీసు తర్వాత ఎవరైనా అటు వెళ్లేటప్పుడు పంపినా, గడువులోపు చెప్పినట్టు రికార్డుంటే మాట్లాడటానికి వీలుంటుంది. ఇకముందు తెప్పించుకునేవాళ్లకి ఒక మాట: అక్కడి ధరకీ ఇక్కడి ధరకీ తేడా నాలుగైదు వేలే అయితే ఇక్కడే కొనండి, ఆ తేడా వారంటీ ఖరీదు అనుకోండి. తేడా పదిహేను వేలు దాటితే అప్పుడు ఆలోచించొచ్చు.

ప్రశ్న: అండీ, మేం డాలస్‌లో ఉంటాం. ఇంట్లో బోస్ సౌండ్‌టచ్ 20లు రెండు, సౌండ్‌టచ్ 10 ఒకటి ఉన్నాయి. సపోర్టు ఆపేస్తున్నారని తెలిసింది. ఇవిక పారేయడమేనా? ఇండియా వచ్చేటప్పుడు అమ్మావాళ్లకి తెస్తే పనికొస్తాయా?
– పాఠకుడు, డాలస్, టెక్సస్

జవాబు: పారేయకండి! ఇలాంటి ఉత్తరం చూస్తేనే ప్రాణం ఉసూరుమంటుంది, నిక్షేపంలా మోగే స్పీకర్లవి.

జరిగింది ఇదీ. సౌండ్‌టచ్ 2013లో వచ్చింది. 2025 అక్టోబరులో బోస్ వీటికి క్లౌడ్ సేవలు 2026 ఫిబ్రవరి 18తో ఆగిపోతాయని ప్రకటించింది. అంటే యాప్‌లోంచి ఇంటర్నెట్ రేడియో పెట్టుకోవడం, స్పీకరు మీదున్న ఆరు ప్రీసెట్ బటన్లలో ఒకటి నొక్కితే స్టేషన్ మోగడం లాంటివి పోతాయి. జనం గట్టిగానే అడిగారు, ఆ తర్వాత కంపెనీ తేదీని మే 6కి జరిపింది, సర్వరుతో పని లేకుండా ఇంటి వైఫైలోనే పనిచేసేలా యాప్ మారుస్తామంది, బయటి ప్రోగ్రామర్లు సొంతంగా యాప్‌లు రాసుకునేందుకు వీలుగా ఆ స్పీకర్లతో మాట్లాడే పద్ధతి మొత్తాన్ని పత్రాల రూపంలో బయటపెట్టింది. ఇంత మర్యాదగా సాగనంపడం ఈ వ్యాపారంలో అరుదు. అలెక్సా లాంటి మైక్రోసాఫ్ట్ కోర్టానాతో హర్మన్ కార్డన్ ఇన్వోక్ అని 2017లో ఒక స్పీకరు వచ్చింది, 2021లో కోర్టానాని తీసేశారు, 199 డాలర్ల స్మార్ట్ స్పీకరు కాస్తా ఒట్టి బ్లూటూత్ స్పీకరైంది. కొన్నవాళ్లకి 50 డాలర్ల గిఫ్ట్ కార్డు చేతిలో పెట్టి సరిపెట్టారు.

మీవాటికొస్తే, మూడింటికీ వెనక ఆక్స్ ఉంది, అది ఏ సర్వరూ ఆపలేనిది. సౌండ్‌టచ్ 10కి బ్లూటూత్ ఉంది. 20ల మీద మాత్రం మోడల్ సిరీస్ చూడండి, మూడో సిరీస్ అయితేనే బ్లూటూత్ ఉంటుంది, మొదటి రెండింటిలో లేదు. స్పాటిఫై కనెక్ట్ (స్పాటిఫై యాప్‌లోంచే స్పీకరుకి పాట పంపడం) పనిచేస్తుందని కంపెనీయే చెప్పింది, ఎయిర్‌ప్లే (ఐఫోన్ నుంచి వైఫైలో పాట పంపడం) ఉన్న మోడళ్లలో అదీ పనిచేస్తుంది.

అమ్మావాళ్లకి తేవాలంటే మాత్రం బ్లూటూత్ ఉన్న సౌండ్‌టచ్ 10 తెండి, 20లు అక్కడే ఉంచుకోండి. అమ్మ ఫోన్లో సుప్రభాతం పెట్టి స్పీకరుకి పంపడం వరకే పని, యాప్‌తో నిమిత్తం లేదు. అడుగున వోల్టేజీ చూడటం మర్చిపోకండి, పైన విజయవాడ వారికి చెప్పిందే.

ప్రశ్న: మా నాయనమ్మకి ఇంగ్లీషు రాదు. తెలుగులో అడిగితే అర్థం చేసుకునే స్పీకరు ఏది? ఎక్కువ డబ్బు పెడితే వస్తుందా?
– పాఠకురాలు, గుంటూరు

జవాబు: ఎక్కువ పెట్టినా రాదమ్మా. అలెక్సా మన దేశంలో ఇంగ్లీషు, హిందీ భాషల్లోనే మాట్లాడుతుంది, ముప్పై వేల స్పీకరులో ఉన్నా అయిదు వేల దాంట్లో ఉన్నా అదే అలెక్సా. "అలెక్సా, ప్లే ఘంటసాల" అనడం నేర్పితే చాలు, తక్కిన పని అదే చూసుకుంటుంది. నాయనమ్మ కోసమే అయితే చవకదే కొనండి.

ప్రశ్న: నాలుగేళ్ల కిందట కొన్న వైఫై స్పీకరు బాగానే పాడేది. పోయిన నెల ఇంటర్నెట్‌వాళ్లు కొత్త రూటరు పెట్టి వెళ్లినప్పట్నుంచి కనెక్ట్ కావట్లేదు. రీసెట్ కొట్టినా లాభం లేదు. షాపులో అడిగితే "దీని లైఫ్ అయిపోయింది, ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేయండి" అంటున్నారు.
– పాఠకుడు, కరీంనగర్

జవాబు: లైఫ్ అయిపోలేదు, మీ స్పీకరుకి కొత్త రూటరు భాష పడట్లేదంతే. పాత వైఫై చిప్పులు కొన్ని 2.4 గిగాహెర్ట్జ్ అనే వైఫై బ్యాండులోనే పట్టుకుంటాయి. కొత్త రూటర్లు 2.4, 5 రెండింటినీ ఒకే పేరు మీద కలిపేస్తాయి, పైగా డబ్ల్యూపీఏ3 అనే కొత్త రకం తాళం వేస్తాయి. ఇంటర్నెట్ అబ్బాయిని మళ్లీ పిలిచి మూడు పనులు చేయించండి. రెండు బ్యాండ్లనీ విడివిడి పేర్లతో పెట్టించండి, 2.4కి మీ పాత రూటరులో ఉన్న పేరూ పాస్‌వర్డూ అక్షరం మారకుండా పెట్టించండి, సెక్యూరిటీని డబ్ల్యూపీఏ2కి మార్పించండి. పేరూ పాస్‌వర్డూ పాతవే ఉంటే టీవీ, సీసీ కెమెరా లాంటివన్నీ వాటంతటవే పట్టుకుంటాయి. మీరు స్పీకరుని రీసెట్ చేసేశారు కాబట్టి దాన్ని మాత్రం యాప్‌లోంచి మళ్లీ మొదట్నుంచి సెట్ చేసుకోవాలి, ఆ సమయంలో ఫోను కూడా 2.4 పేరుకే కనెక్ట్ అయి ఉండేలా చూసుకోండి.

ఈ రీసెట్ మీద అందరికీ ఒక మాట. తోచకపోతే రీసెట్ కొట్టడం మనకి అలవాటైపోయింది. 2025 మార్చిలో గూగుల్ రెండో తరం క్రోమ్‌కాస్ట్‌లు, క్రోమ్‌కాస్ట్ ఆడియోలు (ఫోన్లోంచి వీడియోలు, పాటలు పంపుకోడానికి టీవీకో స్పీకరుకో తగిలించే చిన్న పరికరాలు) ఉన్నట్టుండి పనిచేయడం మానేశాయి. వాటిలో ఏ భాగమూ పాడవలేదు, తయారైనప్పుడు పదేళ్ల గడువుతో పెట్టిన ఒక డిజిటల్ సర్టిఫికెట్ ఆ రోజుతో ముగిసింది, అంతే. రీసెట్ చేయకండి అని గూగుల్ చెప్పేలోపే చాలామంది చేసేశారు, కొద్ది రోజుల్లో మరమ్మతు వచ్చినప్పుడు చేయనివాళ్లవి తేలిగ్గా లేచాయి, చేసినవాళ్లు నానా తంటాలు పడ్డారు. పనిచేస్తున్న స్పీకరు ఒక పొద్దున్న హఠాత్తుగా మూగబోతే ముందు రెండు రోజులు ఊరుకోండి, ఇంకెవరికైనా అలాగే అయిందేమో కనుక్కోండి.

నిజంగా లోపలి భాగమే పోతే ఎక్కువసార్లు పోయేది పవర్ సప్లై బోర్డు. ఉరుముల రోజుల్లో, కరెంటు పోయి వచ్చే క్షణంలో దాని మీద దెబ్బ పడుతుంది. మంచి సర్జ్ ప్రొటెక్టరు ఒకటి పెట్టుకుంటే స్పీకరు ఖరీదులో వీసమెత్తు ఖర్చు. కోఠి గుజరాతీ గల్లీలో కెపాసిటర్లూ డయోడ్లూ దొరకనివంటూ లేవు, మార్చగలిగే మెకానిక్కులూ ఉన్నారు, కానీ చాలా స్పీకర్లకి విప్పడానికి స్క్రూలే కనిపించవు, జిగురుతో అతికించేస్తారు. మొదటి తరం హోమ్‌పాడ్‌కి, వస్తువుల్ని విప్పి చూసే ఐఫిక్సిట్ వాళ్లు రిపేరు సులువులో పదికి ఒకటే మార్కు వేశారు.

ప్రశ్న: కంపెనీ యాప్ ఆపేసింది. పెట్టె మీద "మల్టీ రూమ్" (అన్ని గదుల్లో ఒకేసారి పాట) అని అచ్చేసి అమ్మారు, ఇప్పుడది పనిచేయట్లేదు. కేసు వేయొచ్చా?
– పాఠకుడు, నెల్లూరు

జవాబు: వేయొచ్చు. ఎంత వరకు నెగ్గుతుందన్నది బిల్లు తేదీ మీద ఉంటుంది. స్పీకరుకి ఇన్నేళ్లు సాఫ్ట్‌వేర్ ఇవ్వాలని మన దేశంలో ప్రత్యేకంగా చట్టం లేదు. 2022 డిసెంబరులో కేంద్రం రైట్ టు రిపేర్ పోర్టల్ తెచ్చింది, అందులో కంపెనీల రిపేరు వివరాలు, కాంటాక్టులు దొరుకుతాయి గానీ అది సర్వర్లని నడిపించమని బలవంతపెట్టేది కాదు. మీకు అక్కరకొచ్చేది 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టమే. ప్రకటించిన సదుపాయం ఏడాదికో రెండేళ్లకో పోయిందంటే సేవాలోపం అని గట్టిగా వాదించొచ్చు, పదేళ్లు వాడుకున్నాక అంటే కష్టం. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి, చాలా కంపెనీలు అక్కడే దిగొచ్చి ఎంతో కొంత తగ్గింపో కొత్త పీసో ఇస్తామంటాయి. కుదరకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. సమస్య మొదలైన రెండేళ్లలోపు వేయాలి, అయిదు లక్షల లోపు కొనుగోళ్లకి ఫీజు లేదు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంట్లో కూర్చునే వేయొచ్చు. పెట్టె ఉంచారా? ఆ "మల్టీ రూమ్" అచ్చు ఉన్న వైపు ఫొటో తీసి పెట్టుకోండి, అదే మీ సాక్ష్యం.

బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి ఇంటర్నెట్‌కి తగిలించే వస్తువు ఏదైనా సెక్యూరిటీ అప్‌డేట్లు ఎప్పటి వరకు ఇస్తారో కంపెనీ ముందే చెప్పాలి. ఆ తేదీలు చాలావరకు కంపెనీల బ్రిటన్ వెబ్‌సైట్లలో దొరుకుతాయి. మీరు కొనబోయే మోడలే అక్కడా అమ్ముతుంటే ఇక్కడ కొనే ముందు ఆ తేదీ చూసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ప్రశ్న: సెకండ్ హ్యాండ్‌లో సగం ధరకే మంచి బ్రాండ్ స్పీకర్లు కనిపిస్తున్నాయి. కొనొచ్చా? ఏం చూసుకోవాలి?
– పాఠకుడు, వరంగల్

జవాబు: కొనొచ్చు, కానీ అమ్మేవాళ్ల ఇంట్లోనే మోగించి చూశాకే డబ్బివ్వండి. వైఫై స్పీకరుని "ఇంటికెళ్లాక కనెక్ట్ చేసుకోండి" అని చేతిలో పెడితే తీసుకోవద్దు. వాళ్ల అకౌంట్లోంచి దాన్ని తీసేయించండి, మీ ఫోన్ హాట్‌స్పాట్‌తో కాకుండా వాళ్ల వైఫైలోనే మీ అకౌంట్‌కి ఎక్కించి చూడండి. సోనోస్‌కి ఒకప్పుడు రీసైకిల్ మోడ్ అని ఉండేది, పాతది వదిలేస్తే కొత్త దాని మీద 30 శాతం తగ్గింపు ఇచ్చేవారు, అందుకు పాత స్పీకరుని ఆ మోడ్‌లో పెడితే 21 రోజుల తర్వాత అది శాశ్వతంగా చచ్చిపోయేది. తగ్గింపూ తీసుకుని పీసూ అమ్ముకున్నవాళ్లు ఉండే ఉంటారు. జనం తిట్టిపోశాక 2020 మార్చిలో ఆ మోడ్ ఎత్తేశారు, అయినా మరీ పాత సోనోస్ కనిపిస్తే అది ఎస్1దా ఎస్2దా అని అడగండి, రెండు రకాలూ ఒకే యాప్‌లో కలవవు.

వాల్యూమ్ సగానికి పెట్టి డప్పు మోత ఎక్కువున్న పాట వేయండి. కింది స్వరాల దగ్గర జర్రుమంటే కోను అంచు చిరిగినట్టే, ముఖ్యంగా ఫోము అంచున్న పాత స్పీకర్లు సముద్రం పక్క ఊళ్ల నుంచి వస్తే. బ్యాటరీ ఉన్న రకమైతే ఎంతసేపు వస్తుందో వాళ్ల మాట నమ్మకుండా బ్యాటరీ మార్చడానికి వీలున్న మోడలేనా అని చూడండి. సోనోస్ మూవ్‌కి కొత్త బ్యాటరీ కొని మనమే వేసుకోవచ్చు, అదే కంపెనీ రోమ్‌కి ఆ వీలు పెట్టలేదు. ధర విషయానికొస్తే, కంపెనీ ఇంకా అమ్ముతున్న మోడల్‌కి సగం ఇవ్వొచ్చు, అమ్మకం ఆపేసినదానికి మూడో వంతు మించి ఇవ్వకండి. అమ్మకం ఆపాక కనీసం అయిదేళ్లు అప్‌డేట్లు ఇస్తామని సోనోస్ మాటిచ్చింది, అయితే అమ్మకం ఎప్పుడు ఆపుతారో చెప్పలేం, గూగుల్ హోమ్ మ్యాక్స్ 2017లో 399 డాలర్లకి వచ్చి 2020 కల్లా అమ్మకంలోంచి పోయింది, కాబట్టి ఏ ఏడాది ఆపారన్నది తెలుసుకుని అక్కణ్నుంచి ఏళ్లు లెక్కపెట్టుకోండి. బేరం ఆడేటప్పుడు బిల్లు అడగండి, లేదంటే ఇంకో వెయ్యి తగ్గించమనండి.